తెలిసే వద్దనుకున్న ఎత్తు

2019 ఏప్రిల్‌లో పారిస్ నోత్రదామ్ చర్చి పైకప్పు తగలబడుతుంటే ప్రపంచమంతా టీవీలకు కళ్లప్పగించింది. 2024 డిసెంబరులో అదే చర్చి మళ్లీ తలుపులు తెరిస్తే దేశాధినేతలు క్యూ కట్టారు. ఆ నడుమ అయిదేళ్లలో వచ్చిన ఫొటోలు, కథనాలు, డాక్యుమెంటరీలతో మన మనసుల్లో గోథిక్ అంటే ఒక బొమ్మ గట్టిపడిపోయింది. తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తున రాతి కప్పు, బయట గోడలను ఆనుకుని వంగిన ఊతకమానులు, ముందు జంట బురుజులు, నడుమ చక్రంలాంటి రంగుటద్దాల కిటికీ. ఈ బొమ్మలో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా దీన్నే కొలబద్ద చేసుకోవడంలో ఉంది. ఈ కర్ర పట్టుకుని యూరప్ తిరిగితే ఎక్కడికక్కడ లోపాలే కనబడతాయి. ఇంగ్లండు వాళ్లకు ఎత్తుగా కట్టే ధైర్యం చాల్లేదు, బాల్టిక్ తీరంలో రాయి దొరక్క ఇటుకతో సరిపెట్టుకున్నారు, ఇటలీకి గోథిక్ తలకెక్కనే లేదు, స్పెయిన్‌లో నకలు ఆలస్యంగా మొదలైంది. పర్యాటక పుస్తకాలూ, పాఠ్యపుస్తకాలూ తరచు ఈ వరసలోనే కథ చెబుతాయి. నాకు ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది. ప్రాంతానికో తీరుగా గోథిక్ మారడం నకలు రాసేటప్పుడు దొర్లిన తప్పు కాదు. చాలాచోట్ల కట్టించినవాళ్లకు ఫ్రెంచి పద్ధతి బాగా తెలుసు. తెలిసే వద్దనుకున్నారు. దానికి రాతి సాక్ష్యమూ ఉంది, రాతపూర్వక సాక్ష్యమూ ఉంది.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. పుట్టుక ఉత్తర ఫ్రాన్స్‌దే. పారిస్ పొలిమేరలోని సెయింట్ డెనిస్ మఠంలో అధిపతి స్యుజే కట్టించిన తూర్పు భాగం 1144లో ప్రతిష్ఠ జరుపుకుంది. అక్కణ్ణుంచే ఈ కొత్త పద్ధతి లెక్క మొదలుపెట్టడం ఆనవాయితీ. సూత్రం క్లుప్తంగా ఇదీ: గుండ్రని కమాను బదులు కొనదేలిన కమాను వాడితే వెడల్పుతో పని లేకుండా ఎత్తును పెంచుకోవచ్చు, రాతి కప్పును అడ్డంగా దాటే రాతి పట్టీల మీద నిలబెడితే బరువు గోడంతా పరుచుకోకుండా స్తంభాల మీదికి దిగుతుంది, కప్పు పక్కలకు తోసే ఒత్తిడిని బయట నిలిచిన ఊతకమానులు అందుకుంటే గోడను కోసి కిటికీలు పెట్టుకోవచ్చు. ఇందులోని సరుకులన్నీ ఫ్రాన్స్‌లోనే పుట్టాయని కూడా కాదు. ఇంగ్లండులోని డర్హమ్ కెథడ్రల్‌లో పట్టీల కప్పు 1093లో పని మొదలైనప్పటి నుంచే రూపు దిద్దుకుంది, 1133కల్లా పూర్తయింది. కానీ ఆ విడి సరుకులను కలిపి గోడను గాజుగా మార్చే వ్యవస్థగా పేర్చింది పారిస్ చుట్టుపక్కల మేస్త్రీలే. ఆ తరువాత ఒక శతాబ్దం పాటు అక్కడ నడిచింది ఎత్తు పందెం. షార్ట్‌ర్, రైమ్స్, అమియెన్స్ కెథడ్రల్‌లు ఒకదాన్ని మించి ఒకటి లేచాయి. 1225లో మొదలైన బోవే కెథడ్రల్ కప్పు 157 అడుగులకు చేరి, 1284లో కొంత భాగం కూలింది.

ఇక 1220వ సంవత్సరం దగ్గర కాస్త ఆగుదాం. ఆ ఏడే ఫ్రాన్స్‌లో అమియెన్స్ కెథడ్రల్‌కూ, దక్షిణ ఇంగ్లండులో సాల్స్‌బరీ కెథడ్రల్‌కూ పునాదిరాయి పడింది. ఇంత అనుకూలమైన పోలిక చరిత్రలో అరుదుగా దొరుకుతుంది. అమియెన్స్ కప్పు నేల నుంచి 139 అడుగులు. సాల్స్‌బరీ కప్పు 84 అడుగులు. రెండింటి పొడవులో మాత్రం పెద్ద తేడా లేదు. అమియెన్స్ తూర్పు కొస అర్ధవృత్తంగా తిరిగి చిన్న ప్రార్థన గదులతో పూలరేకుల్లా విచ్చుకుంటుంది. సాల్స్‌బరీ తూర్పు కొస చదరంగా తెగుతుంది. అమియెన్స్‌లో స్తంభాలు నేల నుంచి కప్పు దాకా ఒకే పరుగున లేస్తాయి. సాల్స్‌బరీలో అడ్డగీతలదే పెత్తనం, పర్బెక్ నుంచి తెచ్చిన నల్లరాయి సన్నకంబాలు కంటిని పైకి కాక ముందుకు నడిపిస్తాయి. ఇదంతా తెలియక జరిగిందా? సాల్స్‌బరీని కట్టించిన బిషప్ రిచర్డ్ పూర్ చదువుకున్నది పారిస్‌లో. నోత్రదామ్ లేస్తుండగా ఆ వీధుల్లో తిరిగిన మనిషి. పాత కొండకోట మీది చర్చిని వదిలి, లోయలో ఖాళీ నేల చూసుకుని, పాత గోడల ఇబ్బంది ఏమీ లేకుండా మొదటి రాయి నుంచి కట్టే స్వేచ్ఛ ఆయనకు దొరికింది. ఆ స్వేచ్ఛతో పారిస్‌ను నకలు చేయలేదు. తన చర్చికి వచ్చే మతాచార్యుల ఊరేగింపులకు, వరుస పూజలకు ఏది అనువో అది కట్టాడు. ఎత్తు మీద ఇంగ్లండుకు భయమేమీ లేదని అదే చర్చి మీద 14వ శతాబ్దం తొలినాళ్లలో లేచిన 404 అడుగుల శిఖరం చెబుతుంది. ఎత్తును కప్పులో కాక శిఖరంలో చూపించుకున్నారు, అంతే.

ఇంగ్లండు ఈ దారిలో ఎంత దూరం వెళ్లిందో చెబితే 'ఆలస్యపు నకలు' అన్న మాట తేలిపోతుంది. ఫ్రెంచి మేస్త్రీలు రాతి కప్పును వీలైనంత సాదాగా, నాలుగు పట్టీలతో ఉంచి బలమంతా ఎత్తు మీద పెట్టారు. ఇంగ్లండు వాళ్లు కప్పునే ఆటస్థలం చేసుకున్నారు. లింకన్‌లో 1190ల నుంచే పట్టీలు మధ్యలో కలవకుండా పక్కకు తప్పుకున్నాయి. ఎక్సెటర్‌లో తాటాకు ఈనెల్లా విచ్చుకున్నాయి. గ్లౌస్టర్ మఠం నడవల్లో 14వ శతాబ్దం రెండో సగానికి విసనకర్ర ఆకారం తీసుకున్నాయి. అదే 1512–15 మధ్య కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయంలో పరాకాష్ఠకు చేరింది. ఈ విసనకర్ర కప్పుకు ఫ్రాన్స్‌లో సాటి లేదు. మూలం దగ్గర లేని వస్తువు నకలులో ఎలా వచ్చిందో కొలబద్ద పట్టుకున్నవాళ్లే చెప్పాలి.

దీనికి మొదటి అభ్యంతరం ఇంజనీర్ల వైపు నుంచి వస్తుంది. ఇవన్నీ ఎంపికలు కావు, దొరికిన సరుకు నడిపించిన దారులు అంటారు వాళ్లు. ఈ మాటలో బలం ఉంది. బాల్టిక్ తీరపు మైదానంలో చెక్కడానికి వీలైన రాయి అరుదు. ఉన్నవి పాత హిమానీనదాలు దొర్లించి వదిలిన మొండి గుండ్రాళ్లు. బంకమన్ను మాత్రం కావలసినంత. అందుకే ల్యూబెక్ నుంచి గ్డాన్స్క్ దాకా చర్చిలన్నీ ఎర్రటి ఇటుక చర్చిలు. ఇటుకను ఉలితో చెక్కి దేవదూతను చేయలేం. కాబట్టి శిల్పం తగ్గింది, నునుపైన గోడ పెరిగింది, అచ్చు పోసిన ఇటుకలూ మెరుగు పూసిన నల్ల ఇటుకలూ అలంకారం అయ్యాయి. సరుకు తీరును మార్చిందన్న మాట నిజమే. అయితే సరుకే అంతా నిర్ణయించిందంటే ల్యూబెక్ సెయింట్ మేరీ చర్చి ఒప్పుకోదు. మొదట ఆ నగరంలో మూడు నడవలూ ఒకే ఎత్తున ఉండే హాలు పద్ధతి చర్చి మొదలుపెట్టారు. ఇటుకకు అది అనువైన దారి. 13వ శతాబ్దం మధ్యలో ఆలోచన మార్చుకుని, మధ్య నడవను 126 అడుగులకు లేపి, ఇటుకతోనే ఊతకమానులు కట్టి, ఫ్రెంచి కెథడ్రల్ నమూనాను మన్నుతో సాధించారు. ఇటుక కప్పుల్లో ప్రపంచంలో అంత ఎత్తైనది ఇంకొకటి లేదు. ఎందుకీ మొండితనం? ఆ చర్చి బిషప్‌ది కాదు, వర్తకుల నగర మండలిది. బిషప్ కెథడ్రల్ ఊరి దక్షిణపు కొసన ఉంది. సంతకూ నగర మండలి భవనానికీ పక్కనే, బిషప్ చర్చిని తలదన్నేలా, జంట బురుజులతో తమ చర్చి నిలవాలని వర్తకులు పట్టుబట్టారు. మన్ను నడిపించింది ఇటుక దాకానే. పైకి నడిపించింది పట్టుదల. ఆ నమూనాను తర్వాత రాస్టాక్, విస్మార్, స్ట్రాల్‌సుండ్ వర్తకులు అందుకున్నారు. చిన్న ఊరి వర్తకులు పారిస్ వైపు చూడలేదు, ల్యూబెక్ వైపు చూశారు. కేంద్రాలు పుడుతూనే ఉంటాయన్నమాట.

సరుకు వాదానికి అసలైన జవాబు ఫ్రాన్స్ లోపలే ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని నార్బొన్‌లో 1272లో ఒక కెథడ్రల్ మొదలైంది. ఉత్తరాది ఎత్తు, ఊతకమానులు, అర్ధవృత్తపు తూర్పు కొస, అన్నీ పారిస్ పద్ధతే. పదేళ్లు తిరిగేసరికి, 1282లో, అదే దక్షిణ ప్రాంతంలోని అల్బిలో ఇంకో కెథడ్రల్ మొదలైంది. అది ఎర్ర ఇటుక కోట. బయట ఒక్క ఊతకమాను లేదు. ఊతగోడలు లోపలికే చొచ్చుకుని వాటి నడుమ గదులు ఏర్పడ్డాయి. పక్క నడవలు లేవు. ఒక్కటే విశాలమైన హాలు. అప్పట్లో కిటికీలు సన్నని చీలికలు. ఎందుకంటే అల్బి పేరు మీదే ఒక యుద్ధం జరిగింది. కాథర్లు అనే భిన్న మత వర్గాన్ని అణచడానికి 1209 నుంచి 1229 వరకు సాగిన దండయాత్రను అల్బిజెన్షియన్ క్రూసేడ్ అన్నారు. 1271లో ఆ ప్రాంతం నేరుగా ఫ్రెంచి రాజు చేతికి వచ్చింది. అల్బి బిషప్ బెర్నార్ ద కస్తానే మతవిచారణల్లో నిర్దయుడని పేరు పడ్డవాడు. నడవలు, స్తంభాలు అడ్డం రాని ఒంటి హాలులో ప్రసంగం అందరికీ వినబడుతుంది. తులూజ్‌లో డొమినికన్ బోధకులు ఇటుకతోనే కట్టుకున్న చర్చి కూడా ప్రసంగం కోసమే. బయటి రూపం మాత్రం ఎవరి అధికారమో సందేహం మిగల్చదు. పదేళ్ల ఎడం, ఒకే ప్రాంతం, రెండు చర్చిలు. తేడా సరుకులో ఎంత ఉందో కట్టించినవాడి ఉద్దేశంలో అంత ఉంది. పైగా ఇది 'ఫ్రెంచి గోథిక్' అన్న మాటనే ప్రశ్నిస్తుంది: అల్బి ఫ్రెంచిదా కాదా?

రెండో అభ్యంతరం ఇంకాస్త పదునైనది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి గోడలను చూసి కట్టినవాళ్ల మనసులో ఉద్దేశం ఇదీ అని చదవడం మన కల్పన కాదా? ఈ అనుమానం న్యాయమైనదే. అందుకే కాగితం మిగిలిన చోటికి వెళ్లాలి. కాటలోనియాలోని జిరోనా కెథడ్రల్ తూర్పు భాగాన్ని 14వ శతాబ్దంలో మూడు నడవల పద్ధతిలో కట్టారు. పడమర వైపు మిగిలిన భాగాన్ని కూడా అలాగే మూడు నడవలుగా కట్టాలా, లేక మొత్తం ఒకే నడవగా తెరవాలా అన్న వివాదం లేచింది. 1416లో ఆ చర్చి మండలి పేరున్న పన్నెండు మంది మేస్త్రీలను పిలిపించింది. బార్సిలోనా, పెర్పిన్యా, నార్బొన్‌ల నుంచి కూడా వచ్చారు. ఒక్కొక్కరినీ విడిగా, ప్రమాణం చేయించి ప్రశ్నలడిగారు. అంత వెడల్పు కప్పు నిలుస్తుందా? తూర్పు భాగం పక్కన అది పొంతన లేకుండా కనిపించదా? ఎక్కువమంది మూడు నడవలకే మొగ్గారు. ఒకే నడవ కావాలన్న జిరోనా మేస్త్రీ గిల్యెమ్ బొఫీల్, అతని పక్షం చెప్పిన కారణాలు మూడు: అది నిలుస్తుంది, వెలుతురు ఎక్కువ, ఖర్చు తక్కువ. 1417లో మండలి మైనారిటీ మాటే ఖాయం చేసింది. ఫలితం సుమారు 75 అడుగుల వెడల్పున్న నడవ. గోథిక్ కట్టడాల్లో ఇంతకు మించి వెడల్పైన నడవ లేదు. ఫ్రెంచి పద్ధతి తెలిసినవాళ్లు ఎదురుగా నిలబడి వాదిస్తుండగా, వాళ్ల మాట రాసుకుని, కాదని నిర్ణయించిన సందర్భమిది. కాటలన్లు ఎత్తు పందెం మానుకుని వెడల్పు పందెం వేసుకున్నారు. బార్సిలోనాలో 1329–83 మధ్య ఓడరేవు పేట జనం కట్టుకున్న సాంతా మరియా దెల్ మార్‌లోనూ అదే దృష్టి: ఎనిమిది పలకల సన్నని స్తంభాలు ఎంతెంతో దూరంగా నిలుస్తాయి, పక్క నడవలు మధ్య నడవతో దాదాపు సమానంగా లేస్తాయి. కొండ నుంచి రాళ్లు వీపు మీద మోసుకొచ్చిన రేవు కూలీల బొమ్మలు ఆ చర్చి తలుపు మీద కంచులో ఉన్నాయి.

మిలాన్ కాగితాలు ఇంకా రసవత్తరం. 1386లో అక్కడ కెథడ్రల్ మొదలైంది. డ్యూకు జాన్ గలియాత్సో విస్కోంతి పట్టు మీద పాలరాయి కాండోలియా కొండల నుంచి సరస్సు, నది, కాలువల మీదుగా పడవల్లో వచ్చేది. కొలతలు తేల్చడానికి గణితవేత్త స్తోర్నలోకోను అడిగారు. జర్మన్ మేస్త్రీ హైన్రిక్ పార్లర్‌ను పిలిచారు, ఇమడలేక వెళ్లిపోయాడు. 1399లో ఫ్రెంచి మేస్త్రీ జాఁ మిన్యో వచ్చి, ఊతగోడలు బలహీనం, లెక్కలు తప్పు, ఈ కట్టడం కూలక తప్పదని తప్పుల జాబితా రాసి పెట్టాడు. శాస్త్రం లేని పనితనం వట్టిదన్నది ఆయన వాదం. స్థానిక మేస్త్రీలు వెనక్కి తగ్గలేదు; శాస్త్రం వేరు, పనితనం వేరు అన్నారు. వాళ్ల జవాబుల్లో కొన్ని సాంకేతికంగా చూస్తే హాస్యాస్పదంగా కూడా ఉన్నాయి. అయినా 1401లో మిన్యోను పంపేశారు. కట్టడం కూలలేదు. ఇక్కడ లొంబార్డులే గెలిచారని చప్పట్లు కొట్టడం నా ఉద్దేశం కాదు. ఫ్రెంచి, జర్మన్ జ్ఞానాలు రెండూ బల్ల మీద ఉండగానే మూడో దారి తొక్కారన్నదే ఇక్కడి సాక్ష్యం. 'ఇటలీకి గోథిక్ అర్థం కాలేదు' అనేవాళ్లు ఈ సమావేశాల పత్రాలు చదివితే బాగుంటుంది. ఫ్లోరెన్స్ సాంతా క్రోచే విషయం మరీ తేలిక: 1290ల మధ్యలో మొదలైన ఆ ఫ్రాన్సిస్కన్ చర్చికి చెక్క కప్పు, విశాలమైన గోడలు ఉన్నాయి. ఆ గోడల మీద చిత్రకారుడు జొట్టో బొమ్మలు వేశాడు. గోడలను గాజు చేసేసి ఉంటే జొట్టో ఎక్కడ గీసేవాడు?

మూడో అభ్యంతరమే నాకు అన్నిటికన్నా గట్టిదనిపిస్తుంది. ఇదంతా ఫ్రెంచి పద్ధతని ఆనాటి జనమే అనుకున్నారు కదా! నిజమే. జర్మనీలోని వింప్‌ఫెన్ చర్చి గురించి 13వ శతాబ్దం చివర రాసిన బుర్కార్డ్ అనే మతాచార్యుడు, పారిస్ నుంచి కొత్తగా వచ్చిన మేస్త్రీ దాన్ని ఫ్రెంచి పనితనంతో కట్టాడని లాటిన్‌లో గొప్పగా నమోదు చేశాడు. 1174 అగ్నిప్రమాదం తర్వాత కాంటర్‌బరీ సన్యాసులు సాన్స్ నగరపు విలియమ్ అనే ఫ్రెంచి మేస్త్రీకే పని అప్పగించారు. 1287లో ఎతియెన్ ద బొన్యుయీ అనే మేస్త్రీ పారిస్‌లో ఒప్పందం రాసుకుని స్వీడన్‌లోని ఉప్సలకు ప్రయాణం కట్టాడు. అంటే ఫ్రెంచి పేరుకు బజారులో విలువ ఉంది. ఉండబట్టే నా వాదన బలపడుతుంది. ఆ పేరు అంత ప్రసిద్ధమైతే, దాన్ని తీసుకోనివాళ్లు తెలియక తీసుకోలేదనే మాట ఎలా నిలుస్తుంది? తీసుకున్నవాళ్లు కూడా ఉన్నదున్నట్టు తీసుకోలేదు. కాంటర్‌బరీలో సన్యాసులు పాత గోడలు కొన్ని వదలనివ్వలేదు. విలియమ్ వాటి చుట్టూ సర్దుకున్నాడు. ఉప్సల చివరికి ఇటుక చర్చిగానే నిలిచింది. పక్క ఊరి వంటమనిషిని పిలిపించినా ఎసట్లో పడేది మన ఊరి బియ్యమే.

అన్ని తేడాలూ ఎంపికలేనని నేను అనడం లేదు. ఇటలీలోని సియెనా కెథడ్రల్‌కు 1339లో మొదలుపెట్టిన బ్రహ్మాండమైన కొత్త నడవ 1348 ప్లేగుతో ఆగింది. ఇప్పటికీ మొండిగోడగా నిలిచి ఉంది. నార్బొన్‌లో నడవ కట్టాలంటే ఊరి కోటగోడ పడగొట్టాలి. ఊరు ఒప్పుకోలేదు, చర్చి సగంలోనే ఉండిపోయింది. డబ్బు, రోగం, పక్కవాడి పేచీ కూడా కట్టడాల రూపు తేలుస్తాయి. ఇంకొక జాగ్రత్త అవసరం. ఎంపిక అనగానే అది జాతి స్వభావం అనేయడం సులువు: ఇంగ్లిష్ మనసు, జర్మన్ ఆత్మ, కాటలన్ నైజం. సాల్స్‌బరీలో నిర్ణయించింది ఇంగ్లండు కాదు, ఒక బిషప్, ఆయన మండలి. ల్యూబెక్‌లో జర్మనీ కాదు, ఉప్పు, చేపలు అమ్ముకునే వర్తకుల సంఘం. జిరోనాలో పన్నెండు మంది సాక్షులు, కొందరు ఓటర్లు. ఈ జాగ్రత్త మన ఇంటి దగ్గరా అవసరమే. మన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాన్ని గోథిక్ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటాం. కానీ ముందు జంట బురుజులు కాక ఒకే ఒక్క 175 అడుగుల గోపురంతో నిలిచిన ఆ చర్చి వెనుక పారిస్ లేదు. ఇంగ్లిష్ మిషనరీ చార్లెస్ పోస్నెట్, ఇంగ్లండు వాస్తుశిల్పుల అభిరుచి, కరువు కాలంలో పనికి వచ్చిన స్థానిక కూలీలు ఉన్నారు. ఏ గోథిక్, ఎవరి గోథిక్ అన్న ప్రశ్న అక్కడికీ వర్తిస్తుంది.

జాతి పేరు మీద గోథిక్‌ను సొంతం చేసుకోవాలన్న ఆరాటం ఎంత తికమక పెట్టిందో 18, 19 శతాబ్దాలు చూస్తే తెలుస్తుంది. 16వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుడు, రచయిత వసారి ఈ పద్ధతిని జర్మన్ మొరటుతనమని తిట్టి గోథ్‌ల తలకు చుట్టాడు. 1772లో యువకుడైన జర్మన్ కవి గోథె, స్ట్రాస్‌బుర్గ్ కెథడ్రల్ ముందు నిలిచి, ఇది జర్మన్ వాస్తు అని అదే తిట్టును కిరీటంగా తిప్పి పెట్టాడు. తర్వాతి తరం ఆ ఉత్సాహాన్ని కొలోన్ మీదికి మళ్లించింది. దాదాపు మూడు శతాబ్దాలు సగంలో ఆగిన ఆ కెథడ్రల్‌ను, దొరికిన పాత పటం ఆధారంగా పూర్తి చేశారు. 1880 అక్టోబరు 15న చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ సమక్షంలో దాన్ని జర్మన్ జాతి పండుగగా జరిపారు. గోథిక్ పుట్టింది ఫ్రాన్స్‌లో అని జర్మన్ పండితులే అప్పటికి చాలా ఏళ్ల కిందట తేల్చేశారు. ఇక కొలోన్ సంగతి: 1248లో ఆర్చిబిషప్ కొన్రాడ్ ముందు చాలా దారులు ఉన్నాయి, పొరుగునే జర్మన్ మేస్త్రీలు మార్‌బుర్గ్‌లో మూడు నడవలూ సమానంగా లేచే చర్చి కడుతున్నారు. ఆయన ఏరికోరి అమియెన్స్‌ను ఎంచుకున్నాడు.